చేపల ట్యాంకులో పీహెచ్ నిలబడటం లేదంటే ముందు చూడాల్సింది కేహెచ్

బ్రదర్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ: తిరుపతి ఎం.ఆర్.పల్లిలో ఇల్లు, రెండడుగుల ట్యాంకు, పెట్టి రెండేళ్లయింది. అందులో చేపలు: ఏంజెల్స్ రెండు, టెట్రాలు ఎనిమిది, కోరీలు మూడు. బోరు నీళ్ల పీహెచ్, అంటే నీళ్ల పులుపు చెప్పే అంకె (7 కంటే తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), 8.2 ఉంది, అది ఈ చేపలకు ఎక్కువని ఎవరో చెబితే ఆరు నెలలుగా ఆర్‌ఓ క్యాన్ నీళ్లే పోస్తున్నారు. అప్పట్నుంచీ పీహెచ్ 6 దగ్గరికి జారిపోతోంది. షాపులో ఇచ్చిన ‘పీహెచ్ అప్’ చుక్కలు వేస్తే సాయంత్రానికి 7.5, మర్నాడు చూస్తే మళ్లీ 6.2. విసిగిపోయి పోయిన ఆదివారం సగం నీళ్లు తీసేసి నేరుగా బోరు నీళ్లు పట్టారు. తెల్లారేసరికి నాలుగు టెట్రాలు పోయాయి. మిగిలినవి పైకొచ్చి గాలి మింగుతున్నాయి. ఇప్పుడు పీహెచ్ 7.6 చూపిస్తోంది, దాన్ని 7 దగ్గర ఆపడానికి ఏ మందు వెయ్యాలి అని అడిగారు.

ఏ మందూ వద్దు. ఆ సీసాలు పక్కన పెట్టేయండి. ముందు ఈ రాత్రికి చేయాల్సింది చెప్తాను, కారణాలు తర్వాత చూద్దాం. ఎయిర్ పంపు పూర్తిగా తెరిచి పెట్టండి. మేత రెండు రోజులు ఆపండి, ఎదిగిన చేపలు రెండు రోజుల పస్తుతో చావవు. అమోనియా కిట్ ఉంటే ఇప్పుడే చూడండి, లేకపోతే రేపు షాపు తెరవగానే తెచ్చుకోండి. ఒక పెద్ద బకెట్లో బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు సగం సగం పోసి, ఎయిర్ స్టోన్ వేసి రాత్రంతా బుడగలు రానివ్వండి. పొద్దున ట్యాంకులోంచి పావు వంతు తీసి, బకెట్ నీళ్లు చెంబుతో నిదానంగా, అరగంట పట్టేలా పోయండి. అమోనియా సున్నా చూపించేదాకా రోజూ ఇదే పని. సగం సగం ఎందుకంటే, ఆదివారం మీరు చేసిన దానితో ట్యాంకులో నీళ్లు కూడా ఇప్పుడు దాదాపు అదే పాళ్లలో ఉన్నాయి. విషం పల్చబడాలి, చేపకి మాత్రం నీళ్లు మారినట్టు తెలియకూడదు.

విషం అంటున్నాను, ఎందుకో చెప్తాను. ఆ నాలుగు టెట్రాలను చంపింది పీహెచ్ ఒక్కసారిగా మారడం ఒక్కటే కాదని నా నమ్మకం. ఎక్కువ పాపం అమోనియాది. ఫిల్టర్లో ఉండే బ్యాక్టీరియా చేపల మలంలోంచి, మిగిలిన మేతలోంచి వచ్చే అమోనియాను తిని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియాకు పీహెచ్ 6.5 కిందికి పోతే పని మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. అంటే మీ ట్యాంకులో కొన్ని నెలలుగా ఫిల్టర్ మోటారు తిరుగుతోంది గానీ అమోనియాను తినేవాళ్లు లేరు. అయినా చేపలు ఎందుకు బతికాయంటే, ఆ పుల్లటి నీళ్లలో అమోనియా దాదాపు మొత్తం అమోనియం అనే రూపంలో ఉంటుంది. దాని వల్ల చేపకు పెద్దగా హాని లేదు. కిట్ మాత్రం రెండింటినీ కలిపే చూపిస్తుంది, విడదీసి చూపించదు. 27 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 6 ఉంటే అందులో విష రూపం 0.1 శాతం కూడా ఉండదు. 7 దగ్గర 0.6, 0.7 శాతం. 8 దగ్గర 6 శాతం. మీరు సగం నీళ్లు మార్చినప్పుడు మొత్తం అమోనియా సగమైంది, నిజమే. కానీ పీహెచ్ 6.2 నుంచి 7.6కి ఎక్కడంతో మిగిలిన సగంలో విషం వాటా పాతిక రెట్లయింది. లెక్క వేస్తే ఆ రాత్రి చేపలు పీల్చింది అంతకుముందు కంటే పన్నెండు రెట్ల విషం.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. 2011లో చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉండేవాళ్లం. ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. నాలుగు నెలలు ట్యాంకు నీళ్లు మార్చలేదు, ఆవిరైనంత మేర తాగే క్యాన్ నీళ్లు పోసేవాణ్ని. వానలు పడి బోరులో నీళ్లు రాగానే సంతోషంతో ముప్పావు వంతు మార్చేశాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున ఒక్కో రాయి లెక్క పెట్టొచ్చు. రాత్రి పదకొండుకి లైట్ వేసి చూస్తే పెద్ద ఏంజెల్ ఫిల్టర్ పైపుకి ఆనుకుని పక్కకి వాలి ఉంది. మొప్పలు ఎర్రగా, తెరిచి మూస్తోంది, ఎంత వేగంగా అంటే లెక్కపెట్టలేకపోయాను. పొద్దునకి నాలుగు ఏంజెల్స్‌లో ఒకటే మిగిలింది. చేపలమ్మే ఆయన్ని అడిగితే ఏదో రోగం అని నీలం మందు ఇచ్చాడు. ఆ మందుకీ ఈ జబ్బుకీ సంబంధమే లేదు. ఆ రోజు ఒక్కరైనా అమోనియా చూశావా, పీహెచ్‌ను నిలబెట్టే కేహెచ్ చూశావా అని అడిగి ఉంటే బాగుండేది. మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నది అందుకే.

ఇక అసలు సంగతి కేహెచ్. నిమ్మరసంలో చిటికెడు వంట సోడా వేస్తే బుస్సుమని పొంగి, పులుపు తగ్గిపోతుంది కదా. సోడా ఉన్నంతసేపూ మీరు ఎంత నిమ్మకాయ పిండినా అది మింగుతూ ఉంటుంది. సోడా అయిపోయాక పిండిన ప్రతి చుక్కా పులుపే. నీళ్లలో సహజంగా కరిగి ఉండే ఆ సోడా లాంటి సరుకు, అంటే బైకార్బొనేట్ ఎంత ఉందో చెప్పే కొలతే కేహెచ్. ట్యాంకులో నిమ్మకాయ పిండే చెయ్యి బయట ఎక్కడో లేదు. అమోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఫిల్టరే ప్రతి రోజూ ఆమ్లం వదులుతుంది. అది మంచి ఫిల్టర్ లక్షణం, దాన్ని తప్పుపట్టలేం. లెక్క ఇలా ఉంటుంది: నైట్రేట్ సున్నా నుంచి 50 పీపీఎంకి (లీటరుకి 50 మిల్లీగ్రాములు) పెరిగిందంటే ఆ దారిలో సుమారు నాలుగున్నర డిగ్రీల కేహెచ్ (దాన్ని కొలిచేది డిగ్రీల్లోనే) ఖర్చయిపోయిందన్నమాట. బోరు నీళ్లలో కేహెచ్ 12, 14 ఉన్నప్పుడు ఈ ఖర్చు మీకు తెలియనే తెలియదు. ఆర్‌ఓ నీళ్లలో కేహెచ్ దాదాపు సున్నా. మీరు ఆరు నెలలుగా నీళ్లు మార్చిన ప్రతిసారీ పాత నిల్వను కొంత బయట పారబోశారు, కొత్తది వెయ్యలేదు.

‘పీహెచ్ అప్’ ఎందుకు నిలబడలేదో కూడా ఇక్కడే ఉంది. గాలి బాగా తగిలే ట్యాంకులో పీహెచ్ ఎక్కడ ఆగుతుందో తేల్చేది రెండే: నీళ్లలో కేహెచ్ ఎంత, కార్బన్ డయాక్సైడ్ ఎంత. ఉజ్జాయింపుగా కేహెచ్ 1 ఉంటే పీహెచ్ 7 దగ్గర, 4 ఉంటే 7.6 దగ్గర, 10 ఉంటే 8 దగ్గర కుదురుకుంటుంది. కేహెచ్ సున్నా అయ్యాక పట్టు లేదు, ఎటైనా పోతుంది. నాలుగు చుక్కల మందు ఒక్క పూట అంకెను మారుస్తుంది, కింద ఆధారం మారదు. ‘పీహెచ్ డౌన్’ కూడా అంతే. కేహెచ్ 14 ఉన్న బోరు నీళ్లలో అది వేస్తే సాయంత్రం 7, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ 8. చేప ప్రాణానికి 8 దగ్గర స్థిరంగా ఉండటం కంటే ఈ ఊగిసలాటే ఎక్కువ కష్టం.

కాబట్టి మీరు కొనాల్సింది కేహెచ్ కిట్. చుక్కల కిట్ కొనండి, స్ట్రిప్ వద్దు, దాని రంగులు నాకు ఎప్పుడూ సరిగా తెలియవు. టెస్ట్ ట్యూబులో గీత దాకా, అంటే 5 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని ఒక్కో చుక్కా వేసి ఊపాలి. మొదటి చుక్కకి లేత నీలం వస్తుంది. అలా వేసుకుంటూ పోతే ఒక చుక్క దగ్గర నీలం విరిగి పసుపు పచ్చగా తిరుగుతుంది. ఎన్నో చుక్కకి తిరిగితే అన్ని డిగ్రీలు. మొదటి చుక్కకే పసుపు వచ్చిందంటే నిల్వ అడుగంటినట్టే. ట్యూబు వెనక తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైట్ కింద పసుపు సరిగా కనపడదు. ట్యాంకు నీళ్లు, బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు, మూడూ విడివిడిగా చూసి రాసి పెట్టుకోండి.

మీరు పీహెచ్ చూసేది పసుపు రంగు పెన్ను మీటర్‌తో అని రాశారు. దాన్ని చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు? పెన్నుతో పాటు 6.86, 4.01 అని రెండు పొడి ప్యాకెట్లు వస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఆ పొడి కలిపి పెన్ను ముంచితే అదే అంకె చూపాలి. నెలల తరబడి చెయ్యకపోతే అర పాయింట్ తేడా మామూలు. పైగా ఆర్‌ఓ లాంటి ఉప్పుల్లేని నీళ్లలో ఏ పెన్నూ కుదురుగా చూపదు, అంకె కదులుతూనే ఉంటుంది. ఆర్‌ఓ నీళ్ల పీహెచ్ ఎంత అని తలకాయ పట్టుకోకండి, ఆ అంకెకు విలువ లేదు.

ఇంకో చిన్న పరీక్ష తప్పకుండా చేయండి. మోటారు వేసిన వెంటనే ఒక గ్లాసు బోరు నీళ్లు పట్టి పీహెచ్ చూడండి. అదే నీళ్లను బకెట్లో ఎయిర్ స్టోన్ వేసి 24 గంటలు ఉంచి మళ్లీ చూడండి. లోతు బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఇమిడి ఉంటుంది. పట్టగానే 7.2 చూపించిన నీళ్లు మర్నాటికి 8.2 కావచ్చు. చాలామంది పట్టగానే చూసి ‘7.2, బాగుంది’ అని పోసేస్తారు, తర్వాత ట్యాంకులో పీహెచ్ ఎందుకు ఎక్కుతోందో తెలియక టెన్షన్ పడతారు. మీ 8.2 పట్టగానే చూసిందా, నిల్వ నీళ్లదా అన్నది కూడా తెలియాలి.

మన ఊళ్లో నీళ్లన్నీ ఒకటి కాదు. మున్సిపల్ కుళాయిలో కల్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వస్తాయి, ఇంటి బోరుది వేరే గుణం, ఎండాకాలం ట్యాంకర్ తెచ్చే నీళ్లు ఇంకోటి. సంపులో ఈ మూడూ కలిసిపోయే ఇళ్లు ఎన్నో. అలాంటి ఇంట్లో పోయిన నెల చూసిన కేహెచ్ ఈ నెల పనికిరాదు, నీళ్లు మార్చే ప్రతిసారీ చూసుకోవాలి. సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసిన వారంలో ఆ నీళ్లు ట్యాంకు దగ్గరికి తేవద్దు. ఆ క్లోరిన్ ఫిల్టర్ బ్యాక్టీరియాను చంపుతుంది. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. కొత్తగా సిమెంట్ పూసిన సంపు, తొట్టి ఉంటే సిమెంట్‌లోని సున్నం కొన్ని వారాల పాటు నీళ్లలోకి దిగుతుంది, పీహెచ్ 9 దాటినా ఆశ్చర్యం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి, తెల్లవారుజామున పట్టుకోండి.

అమోనియా సున్నాకి వచ్చాక మీరు పట్టుకోవాల్సిన పాళ్లు చెప్తాను. ఉదాహరణకి మీ బోరు కేహెచ్ 14 అనుకుందాం. ఒక బిందె బోరు నీళ్లకి రెండు బిందెల ఆర్‌ఓ కలిపితే కేహెచ్ నాలుగున్నర దాకా వస్తుంది, పీహెచ్ 7.6 ప్రాంతంలో నిలుస్తుంది. మీ ఏంజెల్స్‌కీ టెట్రాలకీ అది చాలు. ఇప్పుడున్న సగం సగం నుంచి ఈ పాళ్లకి ఒక్కరోజులో దూకొద్దు. వారానికి పావు వంతు చొప్పున మారుస్తూ, నాలుగైదు వారాల్లో నెమ్మదిగా అక్కడికి చేరుకోండి. కేహెచ్ ఎప్పుడూ 3 కిందికి పోనివ్వకండి. ఆర్‌ఓని పూర్తిగా మానేసి ఒట్టి బోరు నీళ్లతో పెట్టినా ఈ చేపలు బతుకుతాయి, నేనైతే అదీ తప్పనను. ఒట్టి ఆర్‌ఓ మాత్రం వద్దే వద్దు. అందులో కేహెచ్ ఒక్కటే కాదు, చేపకి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి.

బోరు నీళ్లు ఉప్పగా ఉండి అసలు వాడలేని వాళ్లు ఆర్‌ఓలో వంట సోడా కలుపుకోవచ్చు. 50 లీటర్లకి పావు టీస్పూన్, అంటే ఒకటిన్నర గ్రాము వేస్తే ఒక డిగ్రీ కేహెచ్ పెరుగుతుంది. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ వేరు, అది వెయ్యొద్దు. ఒక మగ్గులో బాగా కరిగించి, రోజుకి ఒక డిగ్రీ మించకుండా పోయాలి. ఇంతకంటే నాకు నచ్చిన పద్ధతి కోరల్ చిప్స్, అంటే పగడపు రాతి ముక్కలు. గుప్పెడు తీసుకుని చిన్న నెట్ సంచిలో కట్టి ఫిల్టర్లో పడేస్తే, నీళ్లు పులిసే కొద్దీ అవి ఎక్కువ కరుగుతాయి, పులుపు తగ్గితే కరగడం తగ్గుతుంది. కాల్షియం కూడా అందుతుంది.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. మీ ట్యాంకు ఇప్పుడు 6 దగ్గర ఉండి, అమోనియా ఎక్కువ చూపిస్తుంటే కంగారుపడి సోడా వెయ్యకండి, బోరు నీళ్లు పట్టకండి. ముందు దాదాపు అదే పీహెచ్ ఉన్న నీళ్లతో రోజుకి పదో వంతు మారుస్తూ అమోనియాను దించండి, మేత బాగా తగ్గించండి. అది తగ్గిన తర్వాతే కేహెచ్ ఎక్కించాలి, అదీ కొద్దికొద్దిగా. వరుస తప్పితే మా ఇంట్లో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది.

పీహెచ్ దానంతట అదే పైకి ఎక్కిపోతుంటే మాత్రం అడుగున వేసిన రాళ్లను అనుమానించాలి. ఒక రాయిని కడిగి ఆరబెట్టి, దాని మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉంది. పాలరాయి ముక్కలు, గవ్వలు, ఆల్చిప్పలు పొంగుతాయి. మన జిల్లాలో దొరికే గ్రానైట్ చిప్స్ పొంగవు, నిశ్చింతగా వాడుకోవచ్చు. దీనికి విరుగుడుగా చింతపండు రసం, నిమ్మరసం పోయమని చెప్పేవాళ్లున్నారు. దయచేసి వినకండి. అవి కుళ్లి బ్యాక్టీరియా పెరిగి నీళ్లు పాలలా తెల్లబడతాయి, ఆక్సిజన్ పడిపోతుంది. బాదం చెట్టు ఎండాకులు మంచివే. ఫైటర్ చేపలకి నేనూ వేస్తాను. కానీ కేహెచ్ 14 ఉన్న నీళ్లలో ఎన్ని వేసినా నీళ్లు టీ రంగుకి తిరుగుతాయే తప్ప పీహెచ్ కదలదు.

మొక్కలు ఎక్కువున్న ట్యాంకులో పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె వస్తుంది. పగలు మొక్కలు కార్బన్ డయాక్సైడ్ పీల్చేస్తాయి, రాత్రి వదులుతాయి. అది మామూలే. రోజూ ఒకే టైముకి చూడండి, అప్పుడే పోల్చుకోవడానికి వీలుంటుంది. కరెంటు పోయి ఎయిర్ పంపు రెండు మూడు గంటలు ఆగితే కూడా పీహెచ్ కొంచెం దిగుతుంది, అప్పుడు భయపడాల్సింది పీహెచ్ గురించి కాదు, ఆక్సిజన్ గురించి. బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఫిల్టర్ స్పాంజి గురించి మీరు రాయలేదు గానీ, కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా కడిగే అలవాటుంటే ఇప్పుడు మానుకోండి. ఇన్ని నెలల తర్వాత బ్యాక్టీరియా మళ్లీ ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. గులకరాళ్ల కింద పేరుకున్న మురికిని మాత్రం సైఫన్ పైపుతో వారానికి ఒక మూల చొప్పున లాగండి. కుళ్లే ఆ మురికి కూడా కేహెచ్‌ను తింటూనే ఉంటుంది.

చివరికి మీ అసలు భయం, ఏంజెల్స్‌కి 8.2 ఎక్కువ అన్నది. అడవిలో, అమెజాన్ నీళ్లలో పట్టిన చేపకైతే అది నిజమే. మీరు కొన్నవి తొట్టెల్లో పుట్టి పెరిగినవి. అలంకార చేపల పెంపకానికి పేరున్న చెన్నై కొళత్తూరు మనకెంతో దూరం లేదు. అలాంటి చోట తరతరాలుగా పెరిగిన ఏంజెల్స్ 7.5 మీద ఉన్న నీళ్లకి బాగానే అలవాటుపడతాయి. గుడ్లు పెట్టించి పిల్లలు తియ్యాలంటే మెత్తటి నీళ్లు, అంటే ఉప్పులు తక్కువున్నవి, మేలు చేస్తాయి, పెంచుకోవడానికి అవసరం లేదు. ముందు ముందు ఇంకా చేపలు తెచ్చుకోవాలనిపిస్తే గప్పీలు, మోలీలు, ప్లాటీలు చూడండి. వాటికి మన బోరు నీళ్లంటే ప్రాణం. పోయిన టెట్రాల స్థానంలో కొత్తవి మాత్రం రెండు నెలల దాకా తేవద్దు.

రేపు పొద్దున ట్యాంకు అమోనియా, ట్యాంకు కేహెచ్, బోరు కేహెచ్ మూడు అంకెలూ ఇక్కడే పెట్టండి. గాలి మింగడం తగ్గిందా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా అన్నది కూడా రాయండి. మీ బోరుకి సరిపడా ఎన్ని చెంబులకి ఎన్ని చెంబులు కలపాలో లెక్క కట్టి చెప్తాను.